తరచూ ఫంగల్ ఇన్ఫెక్షన్: ఈస్ట్ విషం ఒళ్లంతా పాకుతుందా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. షుగర్ లేదు. ఏడాదిలో నాలుగుసార్లు యోనిలో దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట వచ్చాయి. పరీక్షలో క్యాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అని తేలింది. ఈ ఈస్ట్ విషాన్ని విడుదల చేస్తుందని చదివాను. అది రక్తంలో కలుస్తుందా? నాకు రోగనిరోధక శక్తి తగ్గిందా? ఒంట్లోని విషాన్ని పోగొట్టే మందులు వాడాలా?

జవాబు: విషం సంగతి నిజమే. క్యాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్ట్ తయారుచేసే ఆ పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) పేరు క్యాండిడాలైసిన్. 2016లో బయటపడింది. కేవలం 31 అమైనో ఆమ్లాల గొలుసు. అయితే మీ భయానికి, అది చేసే పనికి చాలా తేడా ఉంది.

ఎంతోమంది ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో, యోనిలో ఈ ఈస్ట్ గుండ్రటి కణాలుగా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. పొడవాటి పోగులుగా సాగినప్పుడే విషం ఊరుతుంది. పోగు లోపలికి చొచ్చుకుపోయిన చోట మన కణాల పొరకు విషం చిల్లులు పెడుతుంది. కాల్షియం లోపలికి దూసుకువస్తుంది, కణం దెబ్బతింటుంది. ఆ కణాలు ఊరుకోవు. ప్రమాదాన్ని గుర్తించి ఇంటర్‌ల్యూకిన్ల వంటి రసాయన సంకేతాలను పంపుతాయి. వాటిని అందుకుని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి.

నోటిలో ఈ స్పందన ఈస్ట్‌ను అదుపు చేయడానికి తోడ్పడుతుంది. యోనిలో మాత్రం న్యూట్రోఫిల్స్ గుంపులుగా వచ్చినా ఈస్ట్‌ను సరిగా చంపలేవు, వాపును మాత్రం పెంచుతాయి. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన మహిళా వాలంటీర్ల యోనిలో క్యాండిడాను ప్రవేశపెట్టి చూశారు. లక్షణాలు వచ్చినవారిలో న్యూట్రోఫిల్స్ పోగయ్యాయి. రానివారిలో ఆ వాపే కనిపించలేదు. కాబట్టి మీ మంటకు రోగనిరోధక శక్తి తగ్గడమే కారణమని అనుకోనక్కర్లేదు. అక్కడ అది అవసరానికి మించి స్పందిస్తోంది. ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులు, మాత్రలు కొనకండి.

విషం ప్రధానంగా పోగు తాకిన చోటనే పనిచేస్తుంది. యోని ఇన్ఫెక్షన్ ఆరోగ్యవంతుల రక్తంలోకి పాకదు. రక్తంలో క్యాండిడా చేరడం వేరే జబ్బు. ఐసీయూలో పెద్ద సిరల్లో గొట్టాలు ఉన్నవారిలో, కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయినవారిలో ఎక్కువగా చూస్తాం. ఒంట్లోంచి ఈ విషాన్ని కడిగేస్తామనే మందులన్నీ దండగ. పోగులు పెరగకుండా చేస్తే విషం ఊరడం దానంతట అదే ఆగిపోతుంది.

ఏడాదిలో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్‌గా పరిగణిస్తాం. మీరు ముందుగా కల్చర్ పరీక్షతో (స్రావం నమూనాలోని ఈస్ట్‌ను ల్యాబ్‌లో పెంచి చూడటం) అది ఏ రకం క్యాండిడానో తేల్చుకోవాలి. ఉదాహరణకు గ్లాబ్రాటా రకం పోగులు వేయదు, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ అనే మందుకు సరిగా లొంగకపోవచ్చు. ఆల్బికాన్స్ అయితే మొదట కొన్ని మోతాదులతో అదుపు చేసి, తర్వాత వారానికి ఒక ఫ్లూకొనజోల్ మాత్ర చొప్పున ఆరు నెలలు ఇస్తాం. ఇది డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి. గర్భిణులు ఈ మాత్ర వాడకూడదు, వారికి పైపూత మందులు, యోనిలో పెట్టే మాత్రలు ఉన్నాయి. మీరు వేసుకునే ఇతర మందుల పేర్లు, ఈ మధ్య యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు వాడారా అన్నదీ డాక్టర్‌కు చెప్పండి. షుగర్ లేదన్నారు, పరీక్ష చేయించి చాలాకాలమైతే మరోసారి చేయించండి. యోని లోపల సబ్బుతో, ద్రావణాలతో కడగడం మానేయండి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసన, పుండ్లు ఉంటే కల్చర్ ఫలితం కోసం ఆగకుండా వెంటనే గైనకాలజిస్టును కలవండి.