ఎడమచేతి వాటం ఉన్న పాపకి గిటార్ నేర్పించాలంటే కుడిచేతికి మార్చాలా?

మీ పాపకి తొమ్మిదేళ్లు, ఎడమచేతి వాటం, గిటార్ మీద మనసు పడింది. మాస్టారేమో కుడిచేతి వాళ్లలా పట్టుకుంటేనే నేర్పుతానన్నారు. ఎడమచేతి గిటార్ కొనాలా, పాపనే మార్చాలా అని అడిగారు. మార్చకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాదీ పుర్రచెయ్యే, నన్ను మార్చారు.

మాది గుంటూరు దగ్గర ఊరు. మా ఊళ్లో గిటార్ అనేది కనిపించేది చర్చిలోనే. క్వయర్ నడిపే ఒకాయన ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి కార్డ్స్, అంటే కొన్ని తీగలు కలిపి నొక్కి ఒకేసారి పలికించే స్వరాలు, నేర్పేవారు. గిటార్ నా ఒళ్లోకి రాగానే దాని మెడ కుడివైపుకి తిరిగేది, నేనేమీ అనుకోకుండానే. ఆయన వచ్చి సరిచేసి వెళ్లేవారు. కాసేపటికి మళ్లీ తిరిగేది. ఒకరోజు అందరి ముందూ "అన్నం ఏ చేత్తో తింటావమ్మా? ఆ చేత్తోనే వాయించాలి" అన్నారు. అన్నం కుడిచేత్తో తినడం కూడా నాకు మా నాయనమ్మ దెబ్బలతో నేర్పిందేనని ఆయనకి చెప్పే ధైర్యం లేదు. డిసెంబర్లో క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యాయి. నెమ్మది పాటలు ఎలాగో లాక్కొచ్చాను. చప్పట్లతో పాడే పాట వచ్చేసరికి నా కుడిచెయ్యి తాళానికి వెనకబడింది. ఒకసారి ఆపారు, మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ వెనకబడింది. ఆయన కోప్పడలేదు. గిటార్ తీసుకుని నా పక్కనున్న అబ్బాయికిచ్చి, నా చేతిలో టాంబురిన్ పెట్టారు. "నీకు లయ లేదులే" అన్నారు. చాలా ఏళ్లు నేను ఆ మాట నమ్మాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో హాస్టల్లో రూమ్మేట్ ఒక పాత బ్లాక్ అండ్ వైట్ వీడియో చూపించింది. వయసు మళ్లిన ఒక నల్లజాతి ఆవిడ గిటార్ వాయిస్తోంది. మెడ కుడివైపు ఉంది, అంటే ఎడమచేత్తో మీటుతోంది. అది మామూలే, ఎడమచేతి గిటార్ అనుకున్నాను. దగ్గరగా చూస్తే తీగలు తిరగబడి ఉన్నాయి. కుడిచేతివాళ్ల గిటార్‌నే తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుంది. ఆమె పేరు ఎలిజబెత్ కాటన్.

ఇప్పుడు ఇది కాస్త జాగ్రత్తగా చదవండి, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. అమెరికా తూర్పు తీరంలో పీడ్‌మాంట్ అనే ఒక పల్లె బ్లూస్ బాణీ ఉంది, బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివాళ్ల సంగీతం. అందులో బొటనవేలు పైనున్న లావు తీగల మీద ధమ్ ధమ్ అని తాళం నడుపుతుంది, మిగతా వేళ్లు కింది సన్న తీగల మీద పాట వాయిస్తాయి. గిటార్ తలకిందులైతే లావు తీగలు కిందికి పోతాయి, సన్నవి పైకొస్తాయి. అందుకని కాటన్ చూపుడువేలితో కింది లావు తీగల మీద తాళం నడిపి, బొటనవేలితో పాట వాయించింది. చేతిలో అన్నిటికన్నా బలమైన వేలు పాట మీద పడింది. ఆమె వాయిద్యంలో రాగం అంత నిండుగా, గుండ్రంగా వినిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. కుడిచేతివాళ్లు ఎంతమంది అనుకరించినా ఆ నిండుదనం నాకు వాళ్లలో దొరకలేదు. ఆ బాణీకి జనం ఆమె పేరే పెట్టారు, కాటన్ పికింగ్ అని.

ఇది ఆమెకి ఏ మాస్టారూ నేర్పలేదు. 1890ల్లో నార్త్ కరొలైనాలో చాపెల్ హిల్ పక్కన కార్‌బరోలో పుట్టింది. అన్నయ్య క్లాడ్ దగ్గర బాంజో ఉండేది, గిటార్ లాంటిదే ఒక తీగల వాయిద్యం. ఆయన పనికి వెళ్లగానే ఈమె తీసి వాయించేది. వాయిద్యం తనది కాదు, అందులో తీగలు తన వీలుకి మార్చుకునేదేముంది? ఉన్నదాన్నే తిప్పి పట్టుకుంది. అన్న బాంజో తీసుకుని ఇల్లు వదిలి వెళ్లాక, బడి మానేసి తెల్లవాళ్ల ఇంట్లో పనికి చేరింది. మొదట్లో జీతం నెలకి 75 సెంట్లు. ఆ డబ్బు కూడబెట్టి 3.75 డాలర్లకి స్టెల్లా అనే రకం గిటార్ ఒకటి కొన్నది. లెక్క వేసుకోండి, అయిదు నెలల జీతం. పదకొండు పన్నెండేళ్ల వయసులో, ఇంటి దగ్గర్నుంచి పోయే గూడ్సు రైళ్లని చూసి "ఫ్రైట్ ట్రెయిన్" పాట కట్టింది. ఈరోజుకీ గిటార్‌లో వేళ్లతో మీటడం నేర్చుకునేవాళ్లు చాలామంది ముందుగా చేతిలోకి తీసుకునే పాటల్లో అదొకటి.

చిన్న వయసులోనే పెళ్లి, ఆ తర్వాత కూతురు. చర్చివాళ్లు లోకసంబంధమైన పాటలు మానెయ్యమన్నారు. గిటార్ పక్కన పెట్టేసింది, ఒకటీ రెండూ కాదు, దశాబ్దాలు. నాకు గిటార్ చూపించింది చర్చి, ఆమె చేతిలోంచి తీయించింది చర్చి. దీని మీద నాకు చాలా రోజులు కోపముండేది. అయితే చర్చిని మాత్రమే అని లాభం లేదు. మన ఇళ్లలో పెళ్లయ్యాక వీణ అటక మీదికి చేరని ఇల్లు ఎన్ని ఉన్నాయో చెప్పండి. మా పెద్దమ్మ వీణ ఇంకా దుప్పట్లో చుట్టే ఉంది. పిల్లకి సంగీతం వస్తుందని పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి నేర్పిస్తారు, ఆ తర్వాత ఎవరూ వాయించమని అడగరు.

ఆ తర్వాతి కథ మీరు వాట్సాప్‌లో చదివే ఉంటారు. వాషింగ్టన్‌లో లాన్స్‌బర్గ్ అనే పెద్ద దుకాణంలో పనిచేస్తుంటే ఒక చిన్నపిల్ల తప్పిపోయి కనిపించింది, ఈమె తీసుకెళ్లి తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆమె కాటన్‌ని ఇంట్లో పనికి పెట్టుకుంది. ఇంటినిండా పాటలూ వాయిద్యాలే. వాళ్ల వంటింటి గోడకి తగిలించిన గిటార్ తీసి ఈమె వాయిస్తుండగా పెగ్గీ చూసింది. సరే, బాగుంది. కానీ అందరూ "సీగర్లు ఆమెను కనుక్కున్నారు" అని రాస్తారు. పాట కట్టినప్పుడు ఆ ఇంట్లో ఆ పిల్లలెవరూ పుట్టనే లేదు! "అరవై దాటాక కూడా కొత్తగా మొదలుపెట్టొచ్చు" అని ఆమె ఫోటో పెట్టి తిప్పే మెసేజ్‌లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మొదలుపెట్టింది బడికెళ్లే వయసులో. ఆమె ఇస్త్రీ చేస్తూ, వంట చేస్తూ ఉన్నంత కాలం ఎవరూ అడగలేదు, అంతే.

ఇంకో అన్యాయం ఉంది. పెగ్గీ ఆ పాటని ఇంగ్లండ్ తీసుకెళ్లి పాడింది. అక్కడ ఇద్దరు దాన్ని తమ పాటగా రాయించుకున్నారు. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందంతో నాన్సీ విస్కీ పాడిన రికార్డు అక్కడ పెద్ద హిట్టయ్యింది. కట్టినావిడ వాషింగ్టన్‌లో ఇళ్లలో పని చేసుకుంటోంది. సీగర్ కుటుంబం పట్టుబట్టాక గానీ పాట మీద ఆమె పేరు చేరలేదు. మన పల్లెపాటలు సినిమాకెక్కినప్పుడూ ఇదే జరుగుతుంది. నాట్లేస్తూ కట్టుకున్న ఆడవాళ్ల పేర్లు చాలాసార్లు ఎక్కడా ఉండవు.

1958లో పెగ్గీ అన్న మైక్ సీగర్ రికార్డు చేసిన ఆమె మొదటి ఆల్బమ్ ఫోక్‌వేస్ కంపెనీ తెచ్చింది. అక్కణ్నుంచి కచేరీలు, న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవం, ఆ సంపాదనతో సిరక్యూస్‌లో సొంత ఇల్లు. 1984లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, 1985లో తొంభై దాటాక గ్రామీ. 1987లో చనిపోయింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు.

ఆ వీడియో చూసిన రాత్రి రూమ్మేట్ గిటార్ అడిగి తిప్పి పట్టుకున్నాను. కార్డ్స్ అన్నీ తలకిందులయ్యాయి, ఒక్కటీ సరిగ్గా పడలేదు. కానీ ఎడమచెయ్యి తాళం తప్పలేదు. చప్పట్ల పాట అదే వేగంలో నోటితో పాడుకుంటూ ఉత్త తీగలు మీటాను. పక్కగదివాళ్లు తలుపు కొట్టేదాకా ఆపలేదు. నాకు లయ లేదన్న మాట అబద్ధమని అప్పుడు తెలిసింది.

ఇక మీ పాప సంగతి. గిటార్‌లో రెండు చేతులకీ పనుందిగా, ఏదైనా ఒకటేనని కొందరు చెప్తారు. నేనొప్పుకోను. తాళం నడిపే చెయ్యి వాటమున్న చెయ్యే కావాలి. మన ఊళ్ల షాపుల్లో ఎడమచేతి గిటార్ దొరకడం కష్టం, సాధారణంగా ఆర్డర్ పెట్టాలి, ధర కూడా ఎక్కువే చెప్తారు. మొదటి రోజే అంత ఖర్చు అక్కర్లేదు. ఎవరిదైనా మామూలు గిటార్ తెచ్చి ఇంట్లో పెట్టి, ఎలా పట్టుకోవాలో చెప్పకుండా కొన్ని రోజులు వదిలెయ్యండి. కుడిచేతివాళ్లలా తనంతట తనే పట్టుకుంటే సరే, అలాగే సాగనివ్వండి. తిప్పి పట్టుకుంటే రెండు దారులున్నాయి. ఎడమచేతి రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చేసినట్టు తీగలు అటువి ఇటు మార్చి బిగించుకోవచ్చు. అలా చేస్తే మాస్టారు చూపించే కార్డ్స్ అద్దంలో చూసినట్టే ఉంటాయి, పాఠం సులువు. తీగలు మార్చేటప్పుడు నట్, బ్రిడ్జి (తీగలు రెండు చివర్లా ఆనుకునే పట్టీలు) కూడా సరిచేయించాలి, లేకపోతే లావు తీగ సన్న గాడిలో కూర్చోదు. లేదా కాటన్‌లా, బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్‌లా ఉన్నవున్నట్టే తలకిందులుగా వాయించొచ్చు. ఇది కష్టం, కొన్ని కార్డ్స్ వేళ్లకి అందవు, మాస్టారు చూపించేది సూటిగా పనికిరాదు. కానీ ఎవరింటికి వెళ్లినా అక్కడున్న గిటార్ తీసి వాయించగలదు. ఎడమచేతివాళ్లలో చాలామందికి ఈ వీలు లేదు.

మాస్టారితో మీరే మాట్లాడండి, పాపని పంపకండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతకండి. కాటన్ వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. వేగం సగానికి తగ్గించి పెట్టి, ముందు ఎడమచేతి బొటనవేలు ఒక్కటే చూడమని పాపకి చెప్పండి. అది పట్టుబడ్డాకే చూపుడువేలు.