పెరటి కొలను: పంపు ఎక్కడ ఉండాలి, గులకరాళ్ల మడిని ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మా ఇంటి వెనుక కొబ్బరి చెట్ల మధ్య 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గల కొలనులో కోయి చేపలు, గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాము. ఒక చివర 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పుతో గులకరాళ్లు పోసి, మొక్కలు నాటి, బాగ్ ఫిల్టర్ (నీటిని రాళ్ల మధ్య నుంచి, మొక్కల వేళ్ల మీదుగా పంపి శుభ్రం చేసే మడి) కట్టించాము. పైపు కలిసివస్తుందని పంపును ఆ ఫిల్టర్ పక్కనే కొలను అడుగున ఉంచాము. మూడు నాలుగు రోజులకే పంపు మూసుకుపోతోంది. అవతలి చివర నీరు ఎప్పుడూ పచ్చగానే ఉంటోంది. పంపును ఎక్కడికి మార్చాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ మడి కొలతలో లోపం లేదు. కొలను పైభాగం 96 చదరపు అడుగులు కాగా మడి 18 చదరపు అడుగులు ఉంది. పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటే మామూలుగా సరిపోతుంది కనుక మీది మంచి పరిమాణమే. ఇబ్బంది అంతా పంపు ఉన్న చోటులోనే ఉంది. మడిలో శుభ్రపడి పొర్లి వచ్చిన నీటినే పక్కనున్న పంపు తిరిగి లాగి మడిలోకి ఎక్కిస్తోంది. అవతలి సగంలోని నీటికి మడి దాకా వచ్చే దారే లేదు. మడి నీరు ఏ చివర పడుతుందో దానికి ఎదురు చివర, వీలైనంత దూరంలో పంపును పెట్టండి. పైపు మరో 12 అడుగులు పట్టినా ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. అయితే పైపు పంపు నీరు వదిలే మూతికన్నా సన్నగా ఉండకూడదు, ఎల్బోలు ఎన్ని తగ్గితే అంత మంచిది. దూరమూ వంపులూ పెరిగేకొద్దీ నీటి వేగం తగ్గుతుంది.

మీ కొలనులో సుమారు 8,150 లీటర్ల నీరు పడుతుంది. రెండు గంటలకు ఒకసారి నీరంతా మడిలోంచి వెళ్లాలంటే గంటకు సుమారు 4,000 లీటర్లు మడిలోకి చేరాలి. పంపు పెట్టె మీద ముద్రించే అంకె నీటిని ఎత్తుకు ఎక్కించనప్పటిది కాబట్టి దానిని నమ్ముకోకండి. మడిలోకి వెళ్లే పైపు చివరను అదే ఎత్తులో 20 లీటర్ల బకెట్‌లోకి వదిలి చూడండి. 18 సెకన్లలో బకెట్ నిండితే మీకు కావలసిన ప్రవాహం ఉన్నట్టు.

ఇక పంపును అడుగున ఉంచకూడదనడానికి రెండు కారణాలున్నాయి. మన కాలువ నీటితో వచ్చే ఒండ్రు, రాలిన కొబ్బరి పూత, చేపల మలం అన్నీ అడుగునే చేరతాయి. వాటిని పంపుతో లాగి మడిలోకి పంపితే గులకరాళ్ల మధ్య ఖాళీలు పూడిపోతాయి. ఆ బురదను జాలితోనో సైఫన్ పైపుతోనో విడిగా తీసివేయడమే మేలు. రెండో కారణం నా దృష్టిలో మరింత ముఖ్యమైనది. ఏ రాత్రో పైపు ఊడినా, మొక్కల వేళ్లు పొర్లుదారిని మూసివేసి నీరు మడి గట్టు దాటి నేలపాలైనా, పంపు నీటిని లాగే తన మూతి దాకా కొలనును ఖాళీ చేస్తుంది. మూతి అడుగు నుంచి ఒక అడుగు ఎత్తులో ఉంటే తెల్లవారేసరికి చేపలకు అడుగు లోతు నీరైనా మిగులుతుంది. అందుకని ఇటుకలను దిమ్మెలా పేర్చి దాని మీద పంపును నిలపండి. వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు మూతి బయటపడకుండా చూసుకోండి, ఎందుకంటే పొడిగా తిరిగిన పంపు కాలిపోతుంది.

పంపు తరచుగా మూసుకుపోవడానికి కొబ్బరి పీచు, పూత కారణమై ఉంటాయి. కూరగాయల ప్లాస్టిక్ క్రేటుకు చుట్టూ షేడ్ నెట్ కట్టి పంపును అందులో ఉంచండి. దోమతెర మరీ సన్నం కనుక ఒక్క రోజులోనే పూడుకుపోతుంది. పంపు కొనేటప్పుడు లోపల నూనె లేని రకమే అడగండి, సీలు చెడినప్పుడు ఆ నూనె కొలనులోకి వస్తుంది. ఆ విద్యుత్ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే స్విచ్చి) తప్పనిసరిగా పెట్టించండి. అది ఉన్నా సరే, పంపు స్విచ్చి ఆపకుండా నీటిలో చేయి పెట్టవద్దు, పిల్లలను పెట్టనివ్వవద్దు.

ప్రశ్న: కరెంటు బిల్లు తగ్గుతుందని 40 వాట్ల పంపును రాత్రి ఆపి ఉదయం వేస్తున్నాము. కొద్ది వారాలుగా ఉదయం పంపు వేయగానే కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గులకరాళ్లన్నీ తీసి కడిగి మళ్లీ పోయమంటారా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ముందుగా ఈ రాత్రి నుంచే పంపును ఆపడం మానండి. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను గులకరాళ్లకు పట్టి ఉన్న సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటును మొక్కల వేళ్లు పీల్చుకుంటాయి. ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నిరంతరం కావాలి, దానిని తెచ్చేది కదిలే నీరే. పంపు ఆగితే రాళ్ల మధ్య నిలిచిన నీటిలోని ప్రాణవాయువు కొద్ది గంటల్లో అయిపోతుంది. తరువాత అక్కడ గాలి అక్కరలేని మరో జాతి సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మీకు వచ్చే వాసన అవి పుట్టించే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, అది చేపలకు విషం. పచ్చని నాచు రాత్రంతా శ్వాసిస్తుంది కనుక కొలనులో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్ని వేళలకన్నా తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళలోనే మీరు మడిలోని చెడునీటిని చేపల మీదికి వదులుతున్నారు.

40 వాట్ల పంపు రోజంతా తిరిగినా ఖర్చయ్యేది దాదాపు ఒక యూనిట్టు. రాత్రి ఆపి మీరు మిగుల్చుకుంటున్నది అందులో సగమే. తుపాను రోజుల్లో కరెంటు చాలాసేపు పోతే మడిలోని నీరు కొలనులోకి పొర్లక ముందే దానిని బయటికి వదిలివేయండి. మడి అడుగు పైపుల చివరలను రాళ్ల పైకి తెచ్చి మూతలు పెట్టించుకున్న వారికి ఈ పని సులువు. మూత తీసి పంపు వేస్తే పైపుల్లోని బురద ఒత్తిడికి బయటికి వస్తుంది, దానిని కొబ్బరి పాదుల్లోకి మళ్లించవచ్చు. మీ మడికి అలాంటి ఏర్పాటు లేకపోతే అడుగున రంధ్రాలు చేసిన 6 అంగుళాల పైపును మడిలో నిలువుగా దింపించండి. రెండు మూడు నెలలకొకసారి అందులోకి చిన్న పంపును దించి పేరుకున్న మడ్డిని తోడవచ్చు.

ఇంత చేసినా వాసన తగ్గకపోతే, లేదా నీరు పొర్లుదారికి రాకుండా రాళ్ల మీద మరోచోట ఉబుకుతూ ఉంటే, అప్పుడు మాత్రం రాళ్లు కడగండి. ఈసారి ఒక సగం, మూడు వారాలు ఆగి రెండో సగం కడగాలి. కొలను నీటితోనే కడగాలి, ఎందుకంటే పంచాయతీ కుళాయి నీటిలోని క్లోరిన్ మీకు కావలసిన సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. రాళ్లన్నీ ఒకేసారి కడిగితే మడి మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ లోపు అమ్మోనియా పెరుగుతుంది. ఈ పనిని ఫిబ్రవరి, మార్చి నెలల్లో, కాలువలకు నీరు ఆపక ముందే ముగించండి. నీరు కరువైనప్పుడు మడిని కదిపితే కొలను నీరు మార్చుకునే అవకాశం ఉండదు.

కడిగిన తరువాత కొన్నాళ్లు మేత సగానికి తగ్గించి, అమ్మోనియాను, పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) పరీక్షించండి. భీమవరం వైపు రొయ్యల రైతులకు అమ్మే కిట్లు మీకూ పనికొస్తాయి. రెంటినీ కలిపి చూడాలి. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపకు హాని చేసే రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది సుమారు 7 శాతం, 9 అయితే 40 శాతం దాటుతుంది. పచ్చనీటిలో పీహెచ్ మధ్యాహ్నం తరువాత బాగా పెరుగుతుంది కనుక పరీక్ష ఆ సమయంలో చేయండి.

ప్రశ్న: మడిలో ఏ మొక్కలు నాటాలి? కాలువలోని జమ్ము, గుర్రపు డెక్క తెచ్చి వేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మెట్టతామర, వస, నీటి బ్రహ్మి, తూటికూర మన వేడికి, తేమకు బాగా వస్తాయి. వేళ్లకున్న మట్టిని పూర్తిగా కడిగి నేరుగా రాళ్లలో నాటండి, ఎరువు వేయకండి. జమ్ము వద్దు. దాని మొనదేలిన దుంపవేళ్లు అడుగున పరచిన షీటును పొడుచుకుపోతాయి, పైపుల రంధ్రాల్లోకి దూరుతాయి. గుర్రపు డెక్క నీటిని శుభ్రం చేసే మాట నిజమే కానీ అది రాళ్లలో పెరిగే మొక్క కాదు. కొలనులో వేస్తే కొద్ది వారాల్లో పైభాగమంతా కప్పివేస్తుంది. ఎక్కువైనదాన్ని కాలువలో పారవేసే అలవాటు వల్ల చివరి భూములకు నీరందని రైతుల కష్టం మీకు తెలిసిందే.

నాటడంతో పని అయిపోదు. ముదిరిన ఆకులను, కాడలను మూడు నాలుగు వారాలకొకసారి కోసి మడి బయటికి తీసివేయాలి. మొక్క పీల్చుకున్న నైట్రేటు ఆ ఆకుల్లోనే ఉంటుంది. అవి మడిలోనే కుళ్లితే అదంతా తిరిగి నీటిలో కలుస్తుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో కాలువ నీటిని నేరుగా కొలనులోకి పెట్టకుండా, ఒక రోజంతా డ్రమ్ముల్లో తేర్చి, దళసరి గుడ్డలో వడకట్టి పోయండి. పటిక మాత్రం వాడకండి, నీటికి పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణాన్ని అది తగ్గిస్తుంది. వరిచేల నుంచి దిగే డ్రెయిన్ నీటిలో పురుగుమందులు ఉండవచ్చు కనుక దానిని ఏ కాలంలోనూ కొలనులోకి రానివ్వకండి.