సన్మాన సభ చూసి అమ్మాయి ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా మండలంలో ఎంపీడీవో గారు ఈమధ్య పదవీ విరమణ చేశారు. గ్రామాభివృద్ధి అధికారిగా చేరి అంత స్థాయికి వచ్చారట. గజమాల, శాలువాలు, ఊరేగింపు... మండలమంతా కదిలి వచ్చింది. మా అమ్మాయి 2019 నుంచి పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తోంది. సంబంధాలు చూస్తుంటే ‘కార్యదర్శేనా’ అంటున్నారు. ఉద్యోగం మాన్పించి గ్రూప్-1, సివిల్స్ శిక్షణకు హైదరాబాద్ పంపాలనుకుంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: ఉద్యోగులు నెలాఖరున రిటైరవుతారు కాబట్టి ఇలాంటి ఉత్తరాలు నాకు నెల మొదటి వారంలో వస్తాయి. అడిగేది కోర్సు గురించే అయినా అందరి బెంగా ఒకటే: నలుగురిలో మా బిడ్డ తక్కువైపోతుందేమో అని. పోలిక తర్వాత చూద్దాం, ముందు ఆ బెంగ సంగతి.

ఆ అధికారి గ్రామాభివృద్ధి అధికారిగా చేరారని మీరే రాశారు. రాసి, దాటిపోయారు. ఆయన మొదలుపెట్టింది ఇంచుమించు మీ అమ్మాయి ఉన్న చోటనే! ఆయన వయసు వారు ఉద్యోగంలో చేరేనాటికి పాత పంచాయతీ సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆ తర్వాత పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం, రాష్ట్ర విభజన, 2016లో కొత్త జిల్లాలు, 2018లో మరో చట్టం వచ్చాయి. నిబంధనలు మారినప్పుడల్లా పని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నవారు వాళ్లు. వేసవిలో ఎండిన బోర్లు, ఆగిన పింఛన్లు, ఉపాధి హామీ కూలీల బకాయిలు చూసుకుంటూ దశాబ్దాలు గడిపారు. మండలం కదిలి వచ్చింది అందుకే. మీరు చూసింది ఆఖరి సాయంత్రాన్ని మాత్రమే. ఊరేగింపు అయ్యాక గ్రాట్యుటీ, ఇతర బకాయిల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న విశ్రాంత ఉద్యోగులు ఈ రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. అది ఏ సభలోనూ చెప్పరు.

ఇక మీ అమ్మాయి. 2019లో చేరిన కార్యదర్శులు క్రమబద్ధీకరణ కోసం 2023లో సమ్మె దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా పల్లెల్లో సర్పంచులు లేరు. ప్రత్యేకాధికారులు పేరుకు ఉన్నా, నీళ్లు రాకపోయినా దీపం వెలగకపోయినా జనం వచ్చింది కార్యదర్శి దగ్గరికే. పంచాయతీ ట్రాక్టరు డీజిలుకు సొంత డబ్బు పెట్టుకున్నవారు కూడా ఉన్నారు. ఇంత మోసిన పిల్లను ‘కార్యదర్శేనా’ అన్నవారికి మీరు బదులు చెప్పకపోగా, వారి మాట పట్టుకుని నాకు ఉత్తరం రాశారు. కోపం తెచ్చుకోకండి, తప్పు మీదే. పైగా ఉత్తరం మొత్తంలో ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు.

శిక్షణ విషయంలో నా సందేహాలు దాచుకోను. సివిల్స్ 2024కు 9,92,599 మంది దరఖాస్తు చేస్తే చివరికి ఎంపికైంది 1,009 మంది. తెలంగాణ గ్రూప్-1 కథ ఇంకా కష్టం. 2022లో 503 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ప్రశ్నపత్రాల లీకుతో ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది, ఫలితాలు మళ్లీ కోర్టుకెక్కాయి, నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబర్. మొదటి ప్రకటన చూసి ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో శిక్షణ సంస్థలుండే అశోక్‌నగర్‌లో గది తీసుకున్నవారి మూడేళ్లకు పైగా జీతం ఎవరిస్తారు? ఈ లెక్క ఏ శిక్షణ సంస్థ కరపత్రంలోనూ కనబడదు.

అయినా గ్రూప్-1 వద్దనడం లేదు. అందులో నెగ్గితే ఎంపీడీవోగానో జిల్లా పంచాయతీ అధికారిగానో నేరుగా చేరవచ్చు. పదోన్నతి దారిలో అక్కడికి చేరాలంటే ఏళ్లు పడుతుంది, ఖాళీలు, సీనియారిటీ తగాదాలు వేరే. పోలిక ఇంతే. పింఛను దగ్గర మాత్రం తేడా లేదు: 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవారు పెద్ద పోస్టయినా చిన్న పోస్టయినా సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి కూడా వాటా కట్టే పింఛను పథకం) కిందికే వస్తారు.

తొందర కూడా లేదు. 2024 గ్రూప్-1లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు, ప్రభుత్వ ఉద్యోగులకు సడలింపు అదనం. స్థానిక పాలన గురించి ఇతరులు బట్టీపట్టేది ఆమె రోజూ చేస్తున్న పనే. ఉదయం ఒక గంట, సెలవు రోజుల్లో నమూనా పరీక్షలు చాలు. ప్రిలిమ్స్ దాటితే మెయిన్స్ ముందు ఆర్జిత సెలవులు వాడుకోవచ్చు, అవీ చాలకపోతే జీతం లేని సెలవు అడగవచ్చు. దరఖాస్తుకు ముందు శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోమనండి. రాజీనామా మాట ఎత్తకండి. ఇవన్నీ ఆమెకు రాయాలని ఉంటేనే. లేదంటే ఆమె గురించి నాకు ఉత్తరం రాయడం మాని, సంబంధాలు చూసేవారిని మార్చండి.