వరద సాయం 1,25,000 వచ్చింది... గేదెలు కొననా, అప్పు తీర్చనా?

ప్రశ్న: మాది ఎన్టీఆర్ జిల్లాలో బుడమేరు పక్క ఊరు. 2024 సెప్టెంబరు వరదలో మా ఐదు గేదెల్లో రెండు, ఒక దూడ చనిపోయాయి. ప్రభుత్వ సాయం 1,25,000 ఖాతాలో పడింది. పోయిన వాటిలో ఒకటి బ్యాంకు అప్పుతో కొన్నదే, ఇంకా 80,000 కట్టాలి. వెంటనే రెండు గేదెలు కొనమని మా బావమరిది పోరుతున్నాడు. నాకేమో ముందు అప్పు వదిలించుకోవాలని ఉంది. ఏది మేలు?

జవాబు: ఈ నెలలో రెండూ వద్దండీ.

ఈ వరద నాటి కేంద్రం విపత్తు నిధి లెక్క ప్రకారం పాడి పశువుకు 37,500, దూడకు 20,000 మాత్రమే. అదీ కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువుల వరకే. ఈ వరదకు రాష్ట్రం దాన్ని 50,000కు, 25,000కు పెంచింది కాబట్టి మీకు ఇంత వచ్చింది. అయినా ఇది గేదె ఖరీదు కాదు. మంచి పాల మీదున్న ముర్రా గేదె లక్ష పైమాటే. ఈ డబ్బులో రెండు రావాలంటే వట్టిపోవడానికి దగ్గరపడ్డవో, ఈత ఎక్కువైనవో అంటగడతారు.

మీకిప్పుడు కూడు పెట్టేది మిగిలిన మూడు గేదెలు. గడ్డివాము తడిసింది, పచ్చిగడ్డి బురదపాలైంది, పాలు తగ్గాయి. గేదెకు రోజుకు ఐదు కిలోల దాణా, కిలో 30 అనుకుంటే మూడింటికి నెలకు 13,500. ఎండుగడ్డి వేరే. రెండు నెలల మేతకు, మందులకు, పాక బాగుకు కలిపి 40,000 పక్కన పెట్టేయండి. వరద తర్వాత గొంతువాపు భయం ఉంటుంది, టీకా సంగతి పశువైద్యుణ్ని అడగండి. కొత్త గేదెను తెచ్చి ఈ బురదలో కట్టేయడం ఎందుకు మంచిది కాదో ఆయనే చెబుతారు.

ఇక అప్పు. దాన్ని తీర్చేసే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఆ గేదెకు బీమా ఉందా? అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు చాలాసార్లు బీమా చేయించి ప్రీమియం కోసుకుంటాయి, రైతుకు గుర్తు కూడా ఉండదు. పాసుపుస్తకంలో ఆ కోత కోసం వెతకండి, బ్యాంకులో పాలసీ కాగితం అడగండి. చెవి ట్యాగు నంబరు, పోస్టుమార్టం నివేదిక ఉంటే ఈ రోజే క్లెయిమ్ పెట్టండి, ఇప్పటికే ఆలస్యమైంది. ఆ డబ్బు ముందు అప్పు ఖాతాకే వెళ్తుంది. అంటే మీరు సాయం డబ్బుతో తీర్చాలనుకున్నదాన్ని బీమానే తీర్చవచ్చు!

బీమా లేదని తేలితే వాయిదాలు వెనక్కి జరపమని రాతపూర్వకంగా అడగండి. వరద ప్రాంతాల్లో అప్పుల గడువు పెంచడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఊళ్లో నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఏదైనా ఉంటే దాన్ని ముందు తీర్చండి, మారుమాట లేదు.

మిగిలిన 85,000లో 15,000 కదపకుండా, 70,000 తర్వాత కొనే ఒక గేదెకు. తక్కువ పడింది బ్యాంకు టర్మ్ లోన్‌గా (వాయిదాల్లో తీర్చే అప్పుగా) తీసుకోండి. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని దాణాకు, మందులకు ఉంచుకోవాలి, గేదె కొనడానికి వాడొద్దు. బావమరిదిని వెంట తీసుకెళ్లండి, కానీ పూటపూటకూ పాలు పిండి చూసి గానీ బయానా ఇవ్వకండి. కొన్న వెంటనే ట్యాగు, బీమా. జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, విపత్తు పరిహారంగా ప్రభుత్వం వ్యక్తులకిచ్చే డబ్బు మీద ఆదాయపన్ను లేదు. పాల అమ్మకం మాత్రం చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు, చాలామంది అనుకున్నట్టు దానికి మినహాయింపు లేదు.