కండరాలు తెలిసినా బొమ్మ బిగుసుకుపోతోందా?

ప్రశ్న: నేను పిల్లల కథలకు బొమ్మలు వేస్తుంటాను. శరీర నిర్మాణ పుస్తకం ముందు పెట్టుకుని కండరాలన్నీ సాధన చేశాను, మనిషి ఎత్తు అతని తల పొడవుకు ఏడున్నర రెట్లు ఉండాలనే ఏడున్నర తలల లెక్క కూడా తప్పడం లేదు. అయినా నిలబడ్డ మనిషి కొయ్యబొమ్మలా ఉంటున్నాడు, పైకెత్తిన చేయి అతికించినట్టు కనిపిస్తోంది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీకు కండరాలు తెలియక కాదు, బరువు ఏ కాలి మీద ఉందో తేల్చుకోకుండానే గీత మొదలుపెడుతున్నందువల్ల ఈ ఇబ్బంది వస్తున్నట్టుంది. తీరుబడిగా నిలబడిన మనిషి రెండు కాళ్ళ మీదా సమంగా భారం వేయడం అరుదు. ఒక కాలి మీద ఒరగగానే ఆ వైపు కటి (తుంటి) పైకి లేస్తుంది, రెండో వైపు జారి అటు మోకాలు కాస్త వంగుతుంది, పడిపోకుండా నిలదొక్కుకునేందుకు వెన్ను వంపు తిరిగి భుజాల రేఖ కటి రేఖకు ఎదురుగా వాలుతుంది. ముందు నుంచి చూస్తే మెడ గుంట నుంచి దించిన నిలువు గీత ఇంచుమించు భారం మోసే పాదం మీదికే రావాలి. రాలేదంటే, కండరాలు ఎంత చక్కగా దిద్దినా ఆ మనిషి పక్కకు ఒరిగిపోతున్నట్టే ఉంటాడు.

మీకు పాలంపేట దూరమేమీ కాదు కనుక, 1213 నాటి రామప్ప గుడికి వెళ్ళి చూరు కింది నల్లరాతి మదనికలను, అంటే అక్కడి స్త్రీ శిల్పాలను, తీరిగ్గా చూడండి. తల ఒక వైపు, నడుము మరో వైపు, కాళ్ళు ఇంకో వైపు ఒరిగే త్రిభంగి అక్కడ కళ్ళకు కడుతుంది. అయితే ఆ శరీరాలను శిల్పి కావాలనే సన్నగా, పొడుగ్గా సాగదీశాడు. వంపును తెచ్చుకోండి, కొలతలను మాత్రం అక్కడే వదిలేయండి.

ఇక చేయి సంగతి. చేతిని నిలువుగా 180 డిగ్రీలు ఎత్తినప్పుడు సుమారు 120 డిగ్రీలే భుజం కీలు వల్ల వస్తాయి, తక్కినదంతా వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. దానితోపాటు మెడ కింది జత్రుక (కాలర్ ఎముక) కూడా పైకి వాలి, భుజం చెవికి దగ్గరవుతుంది. మీరు భుజాన్ని ఉన్నచోటే ఉంచి చేతిని మాత్రం తిప్పుతున్నారేమో చూసుకోండి.

ఏడున్నర తలల లెక్క పెద్దవాళ్ళది. ఏడాది బిడ్డ ఎత్తు నాలుగు తలలకు అటూఇటూగా ఉంటుంది, కాబట్టి పిల్లల బొమ్మలకు ఆ లెక్క వాడితే వాళ్ళు పొట్టి పెద్దమనుషుల్లా తయారవుతారు.

సాధనకు బస్టాండును మించిన చోటు లేదని నా అభిప్రాయం. వేచి ఉన్నవారిలో ఒక్కొక్కరికి అర నిమిషం మించకుండా భుజాల రేఖ, కటి రేఖ, భారం మోసే కాలు మాత్రమే గీయండి, ముఖం జోలికి పోవద్దు. ఫోన్‌లో ఫొటో తీసుకుని వేసేటట్టయితే నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, కెమెరాను నడుము ఎత్తులో పట్టుకుని తీయండి. దగ్గర నుంచి కంటి ఎత్తులో తీస్తే తల పెద్దదై కాళ్ళు కురచబడతాయి, ఆ తేడా యథాతథంగా మీ బొమ్మలోకి దిగుతుంది.