సూచీ 145కి దిగిందని డీఏ ఆపేయొచ్చా? మా చీమకుర్తి అనుభవం

మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. 2019లో రాసుకున్న అగ్రిమెంట్‌లో "ధరల సూచీ 310 పాయింట్లు దాటాక ప్రతి పాయింటుకు నెలకు 10 రూపాయల డీఏ (కరువు భత్యం)" అని ఉందన్నారు. ఇప్పుడు సూచీ 145 దగ్గరే ఉంది కాబట్టి డీఏ రాదని నెల్లూరు దగ్గర మీ రొయ్యల ప్లాంటు వాళ్లు అంటున్నారని రాశారు. ఆ మాట తప్పు. సూచీ అంటే ఒక ఏడాది ధరలను 100 అనుకుని, ఇప్పటి ధరలు ఎంతయ్యాయో చెప్పే అంకె. అది తగ్గలేదు, ఆ మొదలు ఏడాది మారింది. ఇదే గొడవ నేను దగ్గరుండి చూశాను.

2020లో నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసేవాణ్ణి. మా అగ్రిమెంట్‌లో 300 పాయింట్లు దాటాక పాయింటుకు 12 రూపాయలు. ఆ ఆగస్టు సూచీ 338. అంటే 38 పాయింట్లు, మనిషికి 456 రూపాయలు. ఆ తర్వాత ఈ సూచీ లెక్కగట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ లేబర్ బ్యూరో పాత సిరీస్ (అంకెల వరస) ఆపేసి, 2016ని 100గా తీసుకున్న కొత్త సిరీస్ మొదలుపెట్టింది. అక్టోబర్ సూచీ 119.5 అని వచ్చింది. నేను ఆ అంకె కంప్యూటర్‌లో కొట్టాను. 300 కంటే తక్కువ కాబట్టి డీఏ గడిలో సున్నా పడింది. పైవాళ్లను అడిగితే "షీట్ ఏం చూపిస్తే అదే ఇవ్వండి" అన్నారు. డిసెంబర్ బట్వాడా అలాగే అయిపోయింది.

మర్నాడు పాలిషింగ్ లైన్‌లో పనిచేసే ఒక పెద్దాయన పే స్లిప్ పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అబ్బాయ్, అంగట్లో ఏదీ తగ్గలా. నా కాయితంలో ఎట్టా తగ్గింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నూటికి పైగా ఇళ్లకు నా చేత్తో 456 రూపాయలు తగ్గించాను. కరోనా రోజులు, ఎవరి చేతిలోనూ డబ్బుల్లేవు.

లేబర్ బ్యూరో ప్రకటన మొదటి నుంచి చివరి దాకా చదివితే విషయం అందులోనే ఉంది. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి పాత సిరీస్‌లో 2001ని 100 అనుకున్నారు, కొత్త దాంట్లో 2016ని. రెండింటినీ కలపడానికి దేశం మొత్తానికి 2.88 అనే లింకింగ్ ఫ్యాక్టర్ ఇచ్చారు. కొత్త అంకెను 2.88తో గుణిస్తే పాత కొలతలోకి వస్తుంది. 119.5ని గుణిస్తే 344.16. మాకు రావలసింది సున్నా కాదు, దాదాపు 530 రూపాయలు.

మా వాళ్లకు నేను బియ్యం బస్తాతో చెప్పాను. మీ వాళ్లకూ అలాగే చెప్పండి. బస్తా మొదట 800, తర్వాత 1,000, ఇప్పుడు 1,200 అనుకోండి. 800ని 100 అనుకుంటే వరస 100, 125, 150. వెయ్యిని 100 అనుకుంటే అదే వరస 80, 100, 120. వెయ్యి నుంచి పన్నెండు వందలకు పెరుగుదల ఏ వరసలో చూసినా 20 శాతమే. కానీ ఒక వరసలో అది 25 పాయింట్లు, ఇంకో వరసలో 20. శాతం మారదు, పాయింటు పరిమాణం మారుతుంది. మీది, మాది పాయింట్ల మీద రాసుకున్న అగ్రిమెంట్లు కాబట్టే ఈ చిక్కు వచ్చింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని బాగా గమనించండి. మేం లెక్క చూపించాక యాజమాన్యం "సరే, కొత్త సిరీస్‌కే మారదాం. 300ని 2.88తో భాగిస్తే 104.17. అది దాటాక పాయింటుకు అదే 12 రూపాయలు" అంది. వినడానికి న్యాయంగానే ఉంది, చాలామంది తల ఊపారు కూడా. కానీ లెక్క కట్టి చూడండి. 119.5లో 104.17 తీసేస్తే 15.33. పన్నెండుతో గుణిస్తే 184 రూపాయలే! కొత్త పాయింటు ఒకటి పాత పాయింట్లు 2.88కి సమానం కాబట్టి రేటు కూడా 2.88 రెట్లు కావాలి, అంటే 34.56. అప్పుడే మళ్లీ 530 దగ్గరికి వస్తుంది. మొదలు అంకె మార్చి రేటు మార్చకపోతే కార్మికుడికి దాదాపు మూడింట రెండొంతులు పోతుంది. దీని మీదే మాకు మూడు మీటింగులు పట్టింది. చివరికి ఒప్పుకున్నారు, బకాయి సంక్రాంతి ముందు ఇచ్చారు.

అసలు మొదలు ఏడాది ఎందుకు మార్చారు అని కూడా అడిగారు. మనుషుల ఖర్చు మారింది కాబట్టి. పాత సిరీస్‌లో తిండి వాటా 46 శాతం పైన ఉండేది, కొత్త దాంట్లో 39కి తగ్గింది. లెక్కలోకి తీసుకునే వస్తువులు, సేవలు 392 నుంచి 463 అయ్యాయి. మార్చడం అవసరమే, ఇరవై ఏళ్ల నాటి బుట్టతో ఇవాళ్టి ఖర్చు కొలవలేం. అయితే తిండి బరువు తగ్గింది కాబట్టి పప్పు, నూనె ధరలు మండిపోయినప్పుడు కొత్త సూచీ పాత దానంతగా ఎగరదు. లింకింగ్ ఫ్యాక్టర్ రెండు సిరీస్‌లను అతికిస్తుందే కానీ ఈ తేడాను పూడ్చలేదు.

ఈ మార్పు పద్ధతిగా ఎలా చేస్తారో చూడాలంటే బ్యాంకుల ఒప్పందం చూడండి. మా బాబాయి కావలిలో బ్యాంకు పని చేసి రిటైరయ్యాడు. వాళ్ల డీఏ చాలా కాలం 1960 సిరీస్ మీదే నడిచింది, అందుకే వాళ్ల కాగితాల్లో ఎనిమిది వేల పాయింట్లు కనిపించేవి. 1960 నుంచి 1982కి 4.93, అక్కడి నుంచి 2001కి 4.63, ఆ తర్వాత 2.88. మూడూ గుణిస్తే 65.74. 2024 మార్చిలో సంతకాలైన ఒప్పందంలో, ఎన్ని పాయింట్లు దాటాక డీఏ మొదలవుతుందో ఆ 8,088ని దీంతో భాగించి 123.03గా మార్చుకున్నారు. అంకె అంత చిన్నదైనా, సిరీస్ మారిందని ఎవరి డీఏ సున్నా కాలేదు.

ఇప్పుడు మీ లెక్క. మీరు రాసిన 145ని 2.88తో గుణిస్తే 417.6. అందులో 310 తీసేస్తే 107.6, పాయింటుకు 10 చొప్పున మీకు 1,076 రూపాయలు రావాలి. కొత్త సిరీస్‌కి మారదామంటే 310కి బదులు 107.64 దాటాక, పాయింటుకు 28.80 అని రాయించండి. 10 రూపాయలే ఉంచితే చేతికి వచ్చేది 374. ముందుగా మీ అగ్రిమెంట్‌లో "పారిశ్రామిక కార్మికుల సూచీ, 2001=100, దేశం మొత్తానికి" అని ఉందో లేదో చూసుకోండి. దేశం మొత్తానికి కాకుండా ఒక కేంద్రం (ధరలు సేకరించే ఊరు) పేరు రాసి ఉంటే 2.88 పనికిరాదు, ఒక్కో కేంద్రానికి వేరే ఫ్యాక్టర్ ఇచ్చారు. టోకు ధరల సూచీ అని ఉంటే దాని లెక్కే వేరు. ఆ పేజీ పేర్లు కనపడకుండా ఇక్కడ పెట్టండి, ఏ నెల నుంచి ఎంత బకాయి రావాలో నేను కూర్చుని లెక్క కట్టి ఇస్తాను.