గిజిగాడి గూడు అల్లించండి, అట్టపెట్టె నమూనా మానేయండి

మూడో తరగతి పిల్లలకు జంతువుల ఆవాసాల పాఠం కోసం చేత్తో చేయించే పని ఏదైనా చెప్పమని అడిగారు. పల్లె బడిలో పాఠాలు చెప్పే మనిషిగా నా సమాధానం ఒక్కటే: తాటాకు పీలికలతో గిజిగాడి గూడు అల్లించండి.

చెప్పుల పెట్టెకు నీలం రంగు పూసి, దూదిని మంచులా అంటించి, ధ్రువపు ఎలుగుబంటి పక్కన పెంగ్విన్‌ను నిలబెట్టే నమూనాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకటి ఆర్కిటిక్ జంతువు, రెండోది దక్షిణార్ధగోళపు పక్షి. ఆరుబయట అవి ఎన్నడూ ఎదురుపడవు. పైగా థర్మోకోల్ కోసేదీ, జిగురు పూసేదీ తల్లిదండ్రులు. మార్కులు మాత్రం పిల్లలకు! అలాంటి పెట్టెతో ఏ పిల్లా ఏమీ నేర్చుకోదు.

గూటి పని ఆకు చీల్చడంతో మొదలవుతుంది. గిజిగాడు ఆకు అంచును ముక్కుతో కొరికి, ఆ కొస పట్టుకుని ఎగిరితే పొడవాటి పీలిక ఊడివస్తుంది. పిల్లలను గోటితో గాటు పెట్టి అలాగే లాగమంటాను. ఒకసారి ఒక అబ్బాయి మామిడాకు తెచ్చుకున్నాడు. ఎంత లాగినా వేలెడైనా రాకుండా అడ్డంగా తెగిపోతోంది. పక్కనే కల్లు కోసం తాటిచెట్లు గీసేవారింటి పిల్ల కూర్చుంది. తాటాకును వెలుతురుకు ఎత్తి పట్టి, "దీని గీతలన్నీ ఒకే వైపు పోతున్నాయి టీచర్, మామిడాకులో వలలా అల్లుకున్నాయి" అంది. "అయితే చుట్టూ మామిడితోటలే ఉంటే గిజిగాడు ఇల్లెలా కట్టుకుంటుంది?" అన్నాడు వాడు. నేను చెప్పాల్సిన పాఠం వాడే చెప్పేశాడు.

పచ్చి పీలిక వంగింది, ఎండినది విరిగింది. ఈ పక్షి పచ్చగడ్డి పెరిగే వానాకాలంలోనే ఎందుకు గూడు కడుతుందో మళ్లీ వివరించనక్కరలేదు.

అల్లిక పూర్తయ్యాక గూటిలో గుడ్లు పెట్టే గదిలో గులకరాయి వేసి, గాలికి ఊగినట్టు ఊపిస్తాను. ఆ గదికీ పక్షి లోపలికి వచ్చే గొట్టానికీ మధ్య గట్టు సరిగా అల్లకపోతే రాయి జారి కింద పడుతుంది. గొట్టం నేలవైపు ఎందుకు తిరిగి ఉందో, ముళ్ల తుమ్మనూ నీటిపైకి వంగిన కొమ్మనూ పక్షి ఎందుకు వెతుక్కుంటుందో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. పాము అని ఒకరు, కాకి అని ఇంకొకరు. మగపక్షి పీలికల కోసం వందల సార్లు తిరుగుతుందనీ, సగం కట్టిన గూడు ఆడపక్షికి నచ్చకపోతే ఆ కష్టమంతా వృథా అనీ చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి!

దీనికి ఖరీదైన కిట్లు కొనమనే బడులంటే నాకు కోపం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో ముంబైకి దగ్గరలోని కిహిమ్‌లో గిజిగాళ్ల గుట్టు తెలుసుకున్నది గూళ్ల ఎదుట ఓపికగా కూర్చునే.

చెట్టు మీది గూటిని మాత్రం తెంపనివ్వకండి. వానలు వెళ్లాక రాలినవి దొరుకుతాయి. పట్నంలో తాటాకు లేకపోతే మొక్కజొన్న ఆకో చెరకు ఆకో వాడండి. ఏ ఆకు బాగా చీలుతుందో వెతికే పని పిల్లలకే వదిలేయండి, చేతికి కత్తెర మాత్రం ఇవ్వకండి.